ఎద్దుల బండిపై ఒరెగాన్ దాకా: 1852లో బండి కట్టాలంటే తెలియాల్సిన లెక్కలు

అమెరికాలో మిస్సోరి నది ఒడ్డున ఉన్న ఇండిపెండెన్స్, సెయింట్ జోసెఫ్ ఊళ్ల నుంచి పడమటి తీరంలో ఉన్న ఒరెగాన్‌లోని విలమెట్ లోయకు దారి సుమారు 3,200 కిలోమీటర్లు. ఎద్దుల బండికి ఐదు నెలలు పడుతుంది, కాస్త ఆలస్యమైతే ఆరు. 1840 నుంచి 1869 దాకా ఈ బాటల మీద ఒరెగాన్, కాలిఫోర్నియా, యూటాలకు వెళ్లినవారు మూడు నాలుగు లక్షల మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. ఈ ప్రయాణం అనగానే తుపాకులూ బాణాలూ గుర్తొస్తాయి గానీ, దీని మంచిచెడ్డలు తేల్చింది పచ్చిక, బండి బరువు, ఎద్దుల కాళ్లు. కింద చెప్పేదంతా 1852 వసంతంలో బయల్దేరే ఒక కుటుంబాన్ని, అంటే భార్యాభర్తలను, ముగ్గురు పిల్లలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది.

ఎప్పుడు బయల్దేరాలి

పచ్చిక ఎద్దు నోటికి అందేంత ఎత్తు పెరిగాకే కదలాలి. మామూలు ఏడాదిలో ఇది ఏప్రిల్ చివరికి జరుగుతుంది. అంతకు ముందే కదిలితే మేత కోసం ధాన్యం మోసుకెళ్లాలి, అది బండిలో చోటు తినేస్తుంది. మే మధ్య దాటాక కదిలితే మరో బాధ: ముందు పోయిన బండ్ల పశువులు గడ్డి మేసేసి ఉంటాయి, చివరన కొండల్లో మంచు ఎదురొస్తుంది.

దీనికి ఒక కొండగుర్తు ఉంది. వయోమింగ్‌లోని ఇండిపెండెన్స్ రాక్ అనే బోడి రాతిగుట్టను జులై 4 లోపు చేరాలి. మిస్సోరి నుంచి అక్కడికి దాదాపు 1,340 కిలోమీటర్లు. మే 1న కదిలి, రోజుకు 24 కిలోమీటర్ల చొప్పున నడిస్తే 56 రోజులు. వానకు, నది దాటడానికి, బట్టలు ఉతుక్కోవడానికి ఓ వారం తీసేసినా జులై మొదటి వారంలో అక్కడుంటారు. రెండు వారాలు వెనకబడితే ఇక విశ్రాంతి రోజులు తగ్గించుకోవాలి. అంతేగాని రోజువారీ దూరం పెంచకూడదు. ఎద్దును తొందరపెట్టి సంపాదించిన రెండు రోజులను అది దారి చివరి భాగంలోని స్నేక్ నది దగ్గర పడిపోయి వడ్డీతో వసూలు చేస్తుంది.

దూరం కొలిచే పద్ధతి తేలికే. వెనక చక్రం అడ్డంకొలత 50 అంగుళాలుంటే చుట్టుకొలత దాదాపు 4 మీటర్లు, అంటే 250 చుట్లకు ఒక కిలోమీటరు. చక్రంలోని ఒక ఆకుకు ఎర్రగుడ్డ కట్టి లెక్కపెడితే సరిపోతుంది. 1847లో యూటాకు వలసపోయిన మోర్మన్ అనే మతశాఖవారి తొలి బృందంలో విలియం క్లేటన్ ఇలాగే చేశాడు. అతని చక్రం చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు, సరిగ్గా 360 చుట్లకు ఒక మైలు. రోజంతా లెక్కపెట్టలేక, తర్వాత ఆ బృందమే చెక్క పళ్లచక్రాలతో లెక్కయంత్రం చేయించుకుంది.

బండి

పెన్సిల్వేనియా వైపు వాడే పెద్ద కోనెస్టోగా బండి ఈ దారికి పనికిరాదు. టన్నుల సరుకు మోయగలదు నిజమే, ఆ బరువు లాగలేక ఎద్దులు చస్తాయి. మామూలు పొలం బండే మేలు. తొట్టి 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, పక్క బల్లలు ఓ 60 సెంటీమీటర్ల ఎత్తు. ఖాళీ బండే దాదాపు 600 కిలోలు తూగుతుంది. ముందు చక్రాలు చిన్నవి, 44 అంగుళాలు. మలుపు తిరిగేటప్పుడు అవి తొట్టి కిందికి కొంత వెళ్లాలి కాబట్టి అలా చేస్తారు. అయినా ఈ బండి చప్పున మలుపు తిరగదు. ఇరుకులో బలవంతంగా తిప్పితే నొగ విరుగుతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది చెక్క ఎండిందా లేదా అని. ఓక్, హికరీ, ఆష్ లాంటి గట్టి కలప రెండు మూడేళ్లు ఆరి ఉండాలి. పచ్చి కలపతో చేసిన చక్రం మిస్సోరి ఒడ్డున బ్రహ్మాండంగా కనిపిస్తుంది. నెబ్రాస్కాలో దారి వెంట సాగే ప్లాట్ నది లోయలో గాలి పొడిబారేసరికి అంచు చెక్కలు కుంచించుకుపోతాయి, ఆకులు కదులుతాయి, ఇనుప పట్టా వదులై ఒకరోజు జారి పడిపోతుంది. ఎండిన చెక్కకు కూడా ఈ జబ్బు కొంత తప్పదు. అందుకే నది పక్కన దిగిన రాత్రి చక్రాలు ఊడదీసి నీళ్లలో పడేసి ఉంచాలి, పొద్దుటికి చెక్క ఉబ్బి పట్టా బిగుస్తుంది. నీళ్లు లేనిచోట పట్టాకూ చెక్కకూ మధ్య పలుచటి చెక్కముక్కలు దిగగొట్టాలి. ఇది నాలుగైదు రోజుల ఉపాయమే. శాశ్వతంగా కావాలంటే పట్టాను మంటలో ఎర్రగా కాల్చి, కురచచేసి, వేడి మీదే ఎక్కించి నీళ్లు పోయాలి. దారిలో కొలిమి ఉన్న సైనిక కోట ఫోర్ట్ లారమీ దగ్గర ఆ పని చేయించుకోవచ్చు.

కందెన విషయంలో బద్ధకం వద్దు. పైన్ తారు, పశువుల కొవ్వు కలిపి వెనక ఇరుసుకు వేలాడే బకెట్‌లో ఉంచుకోవాలి. ఇసుక నేలలో రోజూ పూయాలి. ఇరుసు కీచుమంటోందంటే అప్పటికే చెక్క అరుగుతోందని అర్థం. కొవ్వు అయిపోతే బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) కొవ్వైనా సరే వాడాలి.

గూటికి హికరీ బద్దలు ఐదారు వంచి, వాటి మీద రెండు పొరల కాన్వాసు కప్పి, అవిసె నూనె పట్టించాలి. విడిభాగాల్లో తప్పనిసరివి: ఒక నొగ, ముందు ఇరుసును తొట్టికి కలిపే పెద్ద బోల్టు, కొన్ని ఆకులు, సీలలు, రెండు గొలుసులు, 30 మీటర్ల మోకు. అదనపు ఇరుసును తొట్టి కింద కట్టుకునేవాళ్లున్నారు. చెట్లు లేని ప్లాట్ లోయలో ఇరుసు విరిగితే కొత్తది చెక్కడానికి కలప దొరకదు కాబట్టి అది తెలివైన పనే.

ఎద్దులు

గుర్రం వేగంగా పోతుంది, కానీ గింజలు లేకుండా ఉత్త గడ్డి మీద బరువు లాగలేదు. కంచర గాడిద గట్టిదే, ధర ఎక్కువ, మొండిది, దొంగలకు ఇష్టమైనది. ఎద్దు గంటకు మూడు కిలోమీటర్లే నడిచినా ఎంత నాసిరకం గడ్డయినా మేస్తుంది, రాత్రి ఎక్కువ దూరం పోదు. కుటుంబాలకు ఎద్దే సరైనది. బండికి మూడు జతలు, వీలైతే ఇంకో జత అదనంగా. వయసు నాలుగు నుంచి ఆరేళ్లు, కాడి అలవాటై ఉండాలి. కాడి అలవాటు లేని కోడెలను చవగ్గా అంటగట్టే వర్తకులు ఇండిపెండెన్స్‌లో కొల్లలు. కొనే ముందు కాడికి కట్టి, నిండు బండి లాగించి చూడాలి. పాలిచ్చే ఆవులు రెండుంటే పాలకు పాలు, అవసరానికి కాడి కూడా మోస్తాయి. ఉదయం మిగిలిన పాలు మూతపెట్టిన డబ్బాలో బండికి వేలాడదీస్తే కుదుపులకే సాయంత్రానికి వెన్న పడుతుంది.

బండి మీద కూర్చుని తోలరు. తోలేవాడు దాపటి ఎద్దు పక్కన నడుస్తూ నోటిమాటతో, కొరడా చప్పుడుతో నడిపిస్తాడు. చంటిపిల్లలు, రోగులు తప్ప అందరూ నడవాల్సిందే. ఒక మనిషి బండెక్కితే ఒక బస్తా పిండి బరువు ఎక్కినట్టే. కాబట్టి మనిషికి రెండు మూడు జతల బూట్లు పెట్టుకోవాలి.

ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు చొప్పున ఎద్దుకు ఎనిమిది నాడాలు కావాలి. గుర్రంలా ఇది మూడు కాళ్ల మీద నిలబడదు. అందుకని నేలలో వెన్నుకు సరిపడా గుంట తవ్వి, ఎద్దును పడగొట్టి, వీపు గుంటలో ఉండేలా వెల్లకిలా తిప్పి, కాళ్లు కట్టేసి నాడాలు కొడతారు. ఈ పనికి నలుగురైదుగురు మగవాళ్లు కావాలి. నాడాలు లేకపోతే అరిగిన గిట్టకు తారు పూసి, బైసన్ (అడవిదున్న) తోలుతో సంచిలా కుట్టి తొడగాలి. కుంటడం మొదలైన మొదటి రోజే చూడాలి. మూడో రోజుకు అది పడుకుంటుంది, ఇక లేవదు.

సరుకు

బండిలో మొత్తం బరువు 900 కిలోలు మించకూడదు. ఆనాటి మార్గదర్శకాల లెక్క ప్రకారం పెద్దవారు ఒకరికి 90 కిలోల గోధుమ పిండి, 35 కిలోల బేకన్, 11 కిలోల పంచదార, 4 నుంచి 5 కిలోల కాఫీ, పైన ఉప్పు, వంటసోడా, బీన్స్, బియ్యం, ఎండబెట్టిన యాపిల్ ముక్కలు. ముగ్గురు పిల్లలను ఒకటిన్నర మనిషిగా వేసుకుంటే మన కుటుంబం మూడున్నర పాళ్లు. పిండి 315 కిలోలు, బేకన్ 120, పంచదార 40, కాఫీ 15, తక్కిన తిండి సామాను 75, అంతా కలిపి 565. మిగిలిన 335 కిలోలలో పరుపులు, డేరా, బట్టలు, వంట సామాను, రెండు నీళ్ల పీపాలు, గొడ్డలి, రంపం, పార, బర్మా, తుపాకీ, మందుగుండు, విత్తనాలు, నాగలి కర్రు అన్నీ సర్దుకోవాలి. అమ్మమ్మ ఇచ్చిన బీరువాకు, ఇనుప పొయ్యికి చోటు లేదని ఈ కూడికే చెబుతోంది. 1849, 1850 ఏళ్లలో ఫోర్ట్ లారమీ చుట్టుపక్కల దారి పొడవునా పొయ్యిలు, దాగళ్లు, బేకన్ గుట్టలు పారేసి ఉండేవి. మిస్సోరిలో డబ్బు పెట్టి కొని, వెయ్యి కిలోమీటర్లు ఎద్దుల ఒంట్లో సత్తువ పెట్టి మోయించి, చివరికి గడ్డిలో పారేశారు.

పిండిని పీపాల్లో పెట్టొద్దు, పీపా బరువే వృథా. 45 కిలోల చొప్పున రెండు పొరల కాన్వాసు సంచుల్లో కుట్టాలి. బేకన్‌ను పెట్టెలో తవుడు మధ్య పెడితే ఎండకు కొవ్వు కరిగి కారిపోదు. పంచదారకు రబ్బరు పూసిన సంచి కావాలి, నది దాటేటప్పుడు మొదట పోయేది అదే. బరువైనవి అడుగున, ఇరుసుల మధ్యకు సర్దాలి. పైన బరువుంటే పక్కవాలులో బండి బోర్లా పడుతుంది.

రోజు నడక

ఒంటరి బండి వెళ్లకూడదు, అలాగని వంద బండ్ల గుంపు కూడా వద్దు. 1843లో వెయ్యి మంది ఒక్కటిగా బయల్దేరారు. పశువులు ఎక్కువున్నవారికీ లేనివారికీ తగువులొచ్చి, కాన్సాస్ దాటకుండానే రెండుగా విడిపోయారు. ఇరవై ముప్పై బండ్లయితే గడ్డి చాలుతుంది, కాపలాకు మనుషులూ సరిపోతారు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పశువులను తోలుకొచ్చి, వంట ముగించి ఏడింటికి కదలాలి. మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు కాడి దించాలి. సాయంత్రం ఐదారింటికి ఆగాలి. దుమ్ము వెనక బండ్లకే ఎక్కువ కాబట్టి, ఈరోజు ముందున్న బండి రేపు చివరికి వెళ్లే ఏర్పాటు మొదటి రోజే చేసుకోవాలి. రాత్రి బండ్లను గుండ్రంగా నిలిపి, ఒకదాని నొగను ముందు బండి వెనక చక్రానికి గొలుసుతో కట్టడం అసలు పశువుల దొడ్డి కోసం. శత్రువులకు కోటగా అది పనికొచ్చిన సందర్భాలు చాలా తక్కువ.

చెట్లుండవు కాబట్టి పొయ్యిలోకి ఎండిన బైసన్ పేడ ఏరుకోవాలి. పొగ రాదు, వాసన లేదు, కానీ గబగబా కాలిపోతుంది. వంటకు రెండు మూడు గంపలు పడుతుంది. కందకంలా చిన్న గాడి తవ్వి అందులో మంట పెడితే గాలి తగ్గి పేడ ఎక్కువసేపు వస్తుంది.

నదులు

ప్లాట్ నది కిలోమీటరుకు మించిన వెడల్పు, మోకాలి లోతు, అడుగున ఊబి. మిగతా నదుల సంగతి వేరు, నార్త్ ప్లాట్, గ్రీన్, స్నేక్ లోతుగా, వడిగా పారతాయి. రేవును ముందు గుర్రం మీద ఒకరు దాటి చూసి, కర్రలు పాతి దారి గుర్తించాలి. తొట్టి కింద చెక్క దిమ్మలు పెట్టి అడుగు ఎత్తు లేపితే సరుకు తడవదు. ఎద్దులకు ఒడ్డునే కడుపునిండా నీళ్లు పెట్టాలి. లేకపోతే నది నడుమ ఆగి తాగుతాయి. ఊబిలో ఆగిన బండి అరగంటలో ఇరుసు దాకా దిగిపోతుంది. పది పన్నెండు ఎద్దులను ఒకే బండికి కట్టి, ఎగువన దిగి వాటంగా దిగువకు నడిపించాలి. ఒడ్డు చేరేదాకా ఒక్క అడుగు కూడా ఆపొద్దు.

లోతైన చోట చక్రాలు ఊడదీసి, తొట్టి సందులకు గుడ్డపీలికలు, తారు కూరి, పడవలా తేల్చి తాళ్లతో లాగడం ఒక పద్ధతి. బల్లకట్టు ఉంటే మాత్రం డబ్బు చూసుకోవద్దు. 1847 నుంచి నార్త్ ప్లాట్ మీద మోర్మన్లు బల్లకట్టు నడిపారు. రెండు మూడు డాలర్లు మిగుల్చుకోబోయి బండి, ఎద్దులు, మనిషి ముగ్గురినీ పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి.

నీళ్లు, జబ్బులు

ప్రాణాలు తీసిన వాటిలో మొదటిది కలరా. 1849 నుంచి 1852 దాకా ప్లాట్ వెంబడి వేల మంది దీనితో పోయారు. పొద్దున బాగున్నవాడు చీకటి పడేసరికి చనిపోయేవాడు. నది నీరు బురద కాబట్టి ఒడ్డున లోతులేని గుంట తవ్వి ఊరిన తేటనీరు తాగేవారు. నిన్న దిగిన గుంపు మలమూత్రాల పక్కనే ఈ గుంట, అదే గుంటను రేపటి గుంపూ వాడుతుంది. నీటితో కలరా వస్తుందని అప్పటికి దాదాపు ఎవరికీ తెలియదు. తేటగా ఉందా లేదా అని చూశారు గానీ మరిగించలేదు. మరిగిన కాఫీ, టీ మాత్రమే తాగితే చాలావరకు తప్పించుకోవచ్చు. రోగికి ఇచ్చిన నల్లమందు ద్రావకం కంటే ఉప్పూ పంచదారా కలిపిన మరిగిన నీళ్లు ఎక్కువ మేలు చేసేవి. ఫోర్ట్ లారమీ దాటి ఎత్తు పెరిగాక ఈ జబ్బు తగ్గుముఖం పడుతుంది.

నార్త్ ప్లాట్ విడిచి స్వీట్‌వాటర్ నది వైపు వెళ్లేటప్పుడు నేల మీద తెల్లటి పొర, అంటే చౌడు కనిపిస్తుంది. అక్కడి నిలవనీరు తాగిన ఎద్దు కడుపుబ్బి చస్తుంది. పొరపాటున తాగితే వెంటనే బేకన్ కొవ్వు ముక్కలు, వెనిగర్ గొంతులోకి తోసేవారు. ఆ తెల్లపొడినే రొట్టె పొంగడానికి వంటసోడాకు బదులు వాడుకున్నారు.

చక్రం కింద పడ్డ పిల్లలు, బండిలోంచి తీస్తుంటే పేలిన తుపాకులు, నదిలో మునిగిన మగవాళ్లు ఆ తర్వాతి లెక్క. తుపాకీని మందు పేల్చే మూత తీసేసి పెట్టుకోవాలి. కదిలే బండి ముందువైపు నుంచి పిల్లలను ఎక్కనివ్వకూడదు, దిగనివ్వకూడదు.

స్థానిక తెగల దాడుల్లో 1840–1860 మధ్య చనిపోయిన వలసదారులు నాలుగొందల లోపేనని చరిత్రకారుల లెక్క. వలసదారుల చేతిలో చనిపోయిన స్థానికులు అంతకంటే ఎక్కువ. ఈ దారి వారి ఊళ్ల మీదుగా, వారి మేతభూముల మీదుగా పోతుంది. పశువుల మందలు గడ్డిని ఊడ్చేశాయి, బైసన్లు చెదిరిపోయాయి, తట్టు లాంటి రోగాలు వెంట వచ్చాయి. షోషోనీ తెగవారి దగ్గర గుడ్డలు, చేపల గాలాలు ఇచ్చి సాల్మన్ చేపలు తీసుకోవచ్చు. రేవు చూపించినవారికి, పశువులను ఈదించినవారికి ఒప్పుకున్న కూలి ఇచ్చి తీరాలి.

కొండలు, అడ్డదారులు

రాకీ పర్వతాలను దాటే సౌత్ పాస్ దాదాపు 2,260 మీటర్ల ఎత్తున ఉన్నా వెడల్పైన మెట్ట నేల, బండికి శ్రమ తెలియదు. కష్టం దిగుడు దగ్గర. నెబ్రాస్కాలోని విండ్లస్ హిల్ లాంటి చోట వెనక చక్రాలు రెండింటినీ గొలుసుతో తొట్టికి బిగించి తిరగకుండా చేయాలి, వెనక మోకులు కట్టి పదిమంది పట్టుకుని జారవిడవాలి, ముందు ఒకే జత ఎద్దులుండాలి. బండి ముందుకు దూకితే దారిలో ఎవరూ ఉండకూడదు.

సౌత్ పాస్ తర్వాత సబ్లెట్ అడ్డదారి 70 కిలోమీటర్లకు పైగా కలిసొస్తుంది, బదులుగా అంత దూరమే నీటి చుక్క ఉండదు. ఎద్దులు బలంగా ఉంటే పీపాలు నింపుకుని రాత్రిపూట నడవాలి. పక్కటెముకలు కనిపిస్తుంటే ఫోర్ట్ బ్రిడ్జర్ చుట్టుదారే మేలు. ఎవరూ బండితో నడవని అడ్డదారిని మాత్రం నమ్మొద్దు. 1846లో మార్గదర్శక పుస్తకం రాసిన హేస్టింగ్స్ చెప్పిన దారి పట్టిన డోనర్ బృందం సియెర్రా నెవాడాలో మంచుకు చిక్కింది. 87 మందిలో 48 మందే బతికారు.

చివరి అంకం ఒరెగాన్‌లో ద డాల్స్ అనే చోట. కొలంబియా నది మీద తెప్ప కట్టుకుని పోవచ్చు, లేదా 1846లో తెరిచిన బార్లో రోడ్డు మీద హుడ్ కొండను చుట్టి వెళ్లొచ్చు. మొదట్లో సుంకం బండికి 5 డాలర్లు, పశువుకు 10 సెంట్లు. లారెల్ హిల్ దిగేటప్పుడు మోకును చెట్టుకు చుట్టి వదలాలి.

తొలి చలికాలం

అక్టోబరులో చేరేసరికి వాన పట్టుకుంటుంది. 1850 నాటి ఒరెగాన్ భూమి పంపక చట్టం ప్రకారం ఆ ఏడాది డిసెంబరు తర్వాత వచ్చినవారిలో 21 ఏళ్లు నిండిన పెళ్లికాని తెల్లజాతి మగవాడికి 160 ఎకరాలు, దంపతులకు 320, అందులో సగం భార్య పేర. నాలుగేళ్లు ఉండి సాగు చేయాలి. నల్లజాతివారికి ఈ హక్కు లేదు. ఆ నేల మీద ఉన్న కలపూయా తెగతో ఒప్పందం ఖాయం కాకముందే పంపకం మొదలైంది. మేతకు అంత బాగున్న ఆ బయళ్లను ఏటా శరత్కాలంలో తగలబెట్టి అడవి పెరగకుండా ఉంచింది వాళ్లే. 1856లో వాళ్లను గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కు తరలించారు.

చోటు ఎంచుకునేటప్పుడు అడవి, పచ్చికబయలు కలిసే అంచు చూడాలి. కలప, ఊట, దున్నే నేల మూడూ అక్కడే ఉంటాయి. నది పక్క నేల నల్లగా ఊరిస్తుంది గానీ ముంపు ఉంటుంది. 1861 డిసెంబరు వరదలో షాంపోయెగ్ ఊరు మొత్తం కొట్టుకుపోయింది.

ఇల్లు 5 మీటర్ల చదరం చాలు. పాతిక సెంటీమీటర్ల లావు ఫర్ దుంగలు, గోడకు పది వరసలు. మూలల్లో దుంగ అడుగువైపు గాడి కొట్టాలి. పైవైపు కొడితే నీరు నిలిచి రెండేళ్లలో కుళ్లుతుంది. మొదటి వరసను రాళ్ల మీద ఎత్తాలి. సందుల్లో పలుచటి చెక్కముక్కలు, నాచు, బంకమట్టి కూరాలి. పైకప్పుకు సెడార్ మొద్దును పొడవునా చీల్చిన పలకలు. దుంగలు ముందే కొట్టుకుని ఉంచితే నలుగురైదుగురు పొరుగువాళ్లతో గోడలు ఒకటి రెండు రోజుల్లో లేస్తాయి.

పిండి అప్పటికి అయిపోతుంది. ముందు వచ్చినవారి దగ్గర దుంగలు చీల్చి, కంచెలు వేసి, కూలికి గోధుమలు తీసుకోవాలి. ఎద్దులను మాత్రం అమ్మొద్దు, ఎంత ధర పలికినా సరే. పచ్చిక వేళ్లు అల్లుకున్న కొత్త నేలను తొలిసారి చీల్చడానికి నాగలికి మూడు నాలుగు జతలు కావాలి. చలికాలమంతా వాటిని మేతకు వదిలి, విత్తనం చల్లకముందే కంచె పూర్తిచేయాలి. కంచె లేని గోధుమ చేను పొరుగువాడి పశువుల పాలవుతుంది.